ఎర్రయ్యమ్మను చంపిన నవల

నేను ఒక నవలను. మూడు తరాల వలస ఆడవాళ్ళ కన్నీటి గాథనని నా అట్ట మీద వేశారు. ఆ కన్నీళ్ళలో సగం మా రచయిత చిత్రభాను కలిపిన నీళ్ళే.

విశాఖలో, రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేటలో, ఎర్రయ్యమ్మ నూడుల్స్ బండి దగ్గర నేను పుట్టాను. యుద్ధం వచ్చినప్పుడు ఆమె తల్లి పోలమ్మ చంటిపిల్లను చంకనేసుకుని, ఇనుప మూకుడు నెత్తిన పెట్టుకుని రంగూన్ నుంచి అడవుల వెంట నడిచొచ్చింది. ఆ చంటిపిల్లే ఎర్రయ్యమ్మ. ఆమె కూతురు కువైట్ వెళ్ళి పరాయి పిల్లల్ని పెంచింది. ఆ కూతురి పిల్ల రోహిణిని ఎర్రయ్యమ్మ పెంచింది, ఆ మూకుడు మీద సంపాదనతోనే.

చిత్రభాను తింటూ విన్నాడు. కథంతా నచ్చింది, ఒక్కటే లోటు: ఎర్రయ్యమ్మ నవ్వుతూ చెప్పింది. ప్రచురణకర్త కూడా పెదవి విరిచాడు. "ముసలామె బతికుంటే ఎవడేడుస్తాడండీ?"

అంతే, చివరి అధ్యాయంలో ఆమెను చంపేశాడు. ఆమె నూడుల్స్‌లో వేసే బర్మా మసాలా గుట్టు కూడా ఆమెతోనే చితికెక్కిందని రాశాడు.

నేను వేడివేడిగా అమ్ముడుపోయాను. పాఠకులు కళ్ళు తుడుచుకుంటూ పేటకొచ్చి, బండి చూసి మండిపడ్డారు.

"పోయినావిడ పేరుతో అమ్ముకోడానికి సిగ్గులేదూ?" అని రోహిణిని తిట్టిపోశారు. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న ముసలామె ఎవరి కంటికీ ఆనలేదు. బేరం పడిపోయింది.

"మామ్మా, నానూ కువైట్ ఎల్లిపోతాను," అంది రోహిణి.

ఎర్రయ్యమ్మ కత్తిపీట పక్కకు తోసి లేచింది. మూకుడు నెత్తిన పెట్టుకుని సరాసరి నా సన్మాన సభకు నడిచింది. అక్కడ వక్తలు నా కథానాయిక ఆత్మశాంతికి మౌనం పాటిస్తున్నారు.

"నానెప్పుడు సచ్చిపోనాను బాబూ?"

చిత్రభాను మైకు అందుకున్నాడు. "అది... సాహిత్య సత్యం, అమ్మా."

"నీ సత్యానికి నా బేరం సచ్చింది! మాయమ్మ అన్ని అడవులు దాటించింది నీ సేతిలో సావడానికేటి?"

సభాధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. "ఆహా! ఎంత సహజమైన నటన!" అంటూ శాలువా కప్పబోయాడు. ఆమె శాలువా తోసేసి, బల్ల మీదున్న నన్ను లాక్కుపోయింది.

ఇంటికెళ్ళాక రోహిణి నా చివరి అధ్యాయం చింపి పొయ్యిలో పెట్టింది. అందరూ ఏడ్చిన ఆ చావు మంటకు ఒక పళ్ళెం నూడుల్స్ కూడా పూర్తిగా వేగలేదు.

ఇప్పుడు నన్ను పురికొసతో బండికి వేలాడదీశారు. వచ్చినవాళ్ళు తిరగేస్తారు, మునిగిపోతారు, చివర్లో పేజీలు లేక గిలగిల్లాడతారు. రోహిణి కువైట్ మాటెత్తి చాలా కాలమైంది. బేరాలతో చెయ్యి ఖాళీ అయితేగా!

"తర్వాతేమైందండీ?" అని అడుగుతారు.

ఎర్రయ్యమ్మ పళ్ళెం ముందుకు తోస్తుంది.

"తిను బాబూ. నాను సెప్తాను గదా."