కారణం రాయాల్సిన గడి

నాకు ముక్కు మీద కోపం అని మా చెల్లెలు అంటుంది. ముక్కు దాకా కూడా రానక్కర్లేదు, నాలుక చివరే కాచుకుని కూర్చుంటుంది నా కోపం. ముప్పై ఏళ్ళుగా మెకానిక్‌ని. తప్పు చేసినవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను తప్పు చేయను కాబట్టి ఆ మంట ఎప్పుడూ పక్కవాళ్ళ మీదే.

ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకే పొగ పరీక్ష కేంద్రం ముందు వరుసలో ఉన్నాం. స్టీరింగు దగ్గర చెల్లెలు, పక్క సీట్లో నేను. ఆమె ఊతకర్రలు రెండూ వెనక సీట్లో ఉన్నాయి. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. చేతులు మాత్రం బంగారం. చెవులు సరిగా వినబడని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ వినికిడి యంత్రాలు బిగించి, సరిచేసి వస్తుంది. అదే ఆమె ఉద్యోగం.

పంతొమ్మిదేళ్ళు ఆమెను ఆ ఇళ్ళన్నిటికీ నేనే తిప్పాను. పొద్దున దింపేవాణ్ణి, మళ్ళీ వెళ్ళి గేటు ముందు బండి ఆపి హారన్ మీద చెయ్యి వేసేవాణ్ణి. ఆమె కర్రల మీద ఆదరాబాదరా వచ్చేది. నా నోట వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: "ఎంతసేపు? నాకు పనుంది." ఒక్కోరోజు నేనే గంట ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. అప్పుడూ అదే మాట అనేవాణ్ణి.

మూడేళ్ళ క్రితం ఈ కారు చేశాను. పాత చిన్న కారు కొని, ఇంజన్ తీసేసి, గుద్దుకుని మూలపడ్డ ఇంకో కొత్త కారు ఇంజన్ ఇందులో దించాను. ఆ ఇంజన్‌తో పాటు గేర్లు తనే మార్చుకునే గేర్‌బాక్స్ వచ్చింది, క్లచ్ బాధ లేదు. స్టీరింగు పక్కన ఒక లివర్ పెట్టాను. లాగితే వేగం, తోస్తే బ్రేకు. అది నడపడం మొదలుపెట్టిన రోజు నుంచి మా చెల్లెలు నన్ను ఎక్కడికీ రమ్మనలేదు.

ఇలా మార్పులు చేసిన బళ్ళకు నియమాలు వేరు. బండి ఎంత పాతదైనా సరే, లోపలున్న ఇంజన్ ఏ ఏటిదో ఆ ఏటి లెక్కనే పొగ చూస్తారు. ఆ ఇంజన్ పుట్టినప్పుడు దానితో వచ్చిన ప్రతి డబ్బా, ప్రతి గొట్టం ఉండాలి. ఈ ఏడు ఇంకో నియమం చేర్చారు. అనుమతి గడువు దాటితే అంతే సంగతులు, మార్పులన్నీ పీకేసి బండిని మొదటి రూపానికి తెస్తే తప్ప రోడ్డెక్కనివ్వరు. మా గడువు ఆ రోజు సాయంత్రం నాలుగింటికి. మూడు వారాల ముందే రావచ్చు. "ఇంకొక్కసారి చూసి వెళ్దాం" అంటూ రోజూ బోల్టులు తడుముతూ ఆ మూడు వారాలూ మింగేసింది నేనే.

పరీక్ష చేసే అమ్మాయికి నా కూతురి వయసుంటుంది. తల ఎత్తి చూడదు. కర్రకు కట్టిన అద్దం కింద పెట్టి ఒక్కొక్కటే చూసి కాగితం మీద గీతలు పెట్టుకుంది. పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఉంది. పెట్రోలు ఆవిరి పట్టే డబ్బా ఉంది. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తే పొగ హద్దులో సగం కూడా లేదు. నేను చేతులు కట్టుకుని, వెనక వరుసలో ఉన్న ఇద్దరు మెకానిక్‌ల వైపు ఓ చూపు చూశాను. వాళ్ళ పని గురించి నేను ఊరంతా చెప్పి ఉన్నాను.

ఆ అమ్మాయి స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి తన చేతిలోని తెర చూసింది.

"బండి కంప్యూటర్‌లో ఏమీ లేదండీ."

"తప్పులు లేకపోతే మంచిదేగా" అన్నాను.

"తప్పుల సంగతి కాదండీ. బండి నడుస్తూ నడుస్తూ తన భాగాల్ని తనే చూసుకుంటుంది కదా, అవి ఎనిమిది పరీక్షలు. నాలుగే అయ్యాయి. అవి కూడా ఇవాళ పొద్దున్నవే. అంతకుముందుది మొత్తం చెరిగిపోయింది. నిన్న ఎవరైనా బ్యాటరీ తీశారా?"

"లేదు" అన్నాను.

మా చెల్లెలు నా వైపు చూసింది. తర్వాత స్టీరింగు వెనక మీటర్ల మీదున్న అద్దం వైపు చూసింది.

తీసింది నేనే. నిన్న సాయంత్రం ఏడింటికి, షెడ్డు మూసే ముందు. బండిలో ఏ లోపమూ లేదు, హెచ్చరిక దీపం వెలగలేదు. కానీ మా గురువు దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటుంది. అధికారి ముందుకు వెళ్ళే బండికి బ్యాటరీ విప్పి, కొసలు రుద్ది, మళ్ళీ బిగించాలి. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాలి. అప్పటి బళ్ళకు జ్ఞాపకం లేదు కాబట్టి ఏ నష్టమూ ఉండేది కాదు. ఇప్పటి బళ్ళకు బ్యాటరీ తీస్తే అన్నీ మరిచిపోతాయని నాకు తెలుసు, నా షెడ్డులో వేరేవాడు ఆ పని చేస్తే చెవి మెలిపెట్టేవాణ్ణి. అయినా ఎందుకైనా మంచిదని తీశాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"లోపం కనబడకుండా చెరిపేసి తెచ్చేవాళ్ళు ఉంటారండీ, అందుకే ఈ నియమం" అంది ఆ అమ్మాయి. "నాలుగింటికి గేటు మూసేస్తాం. నడిపి తీసుకురండి. ఎనిమిదిలో ఏడు అయితే చాలు, ఒకటి మిగిలినా ఒప్పుకుంటాం."

ఆ మిగిలేది ఏదో నాకు అప్పుడే తెలిసిపోయింది. ట్యాంకు నిండా పోయించుకొచ్చాను, అలా ఉంటే పెట్రోలు ఆవిరి పరీక్షను బండి మొదలే పెట్టదు. అది పోగా మిగతావన్నీ అయి తీరాలి.

"నువ్వు పక్కకి జరుగు, నేను నడుపుతా" అన్నాను చెల్లెలితో. కింద పెడళ్ళు అలాగే ఉంచాను, కాలితోనూ నడపొచ్చు.

ఊరి బయట పెద్ద రోడ్డెక్కాం. పని చెప్పడానికి తేలికే. ఎనభై మీద పది నిమిషాలు ముల్లు కదలకుండా నడపాలి. తర్వాత బ్రేకు తొక్కకుండా వదిలేసి ముప్పైకి దిగేదాకా ఆగాలి. మళ్ళీ మొదలు. ఒక్కో పరీక్ష అయినకొద్దీ ఒక్కో గడి పచ్చబడే నా స్కానర్ చెల్లెలి ఒళ్ళో పెట్టాను. తొమ్మిదో నిమిషంలో ముందు ఒక లారీ తగిలింది. వాడు దారివ్వడు. హారన్ కొట్టాను, తిట్టాను, తొక్కి దాటాను. ముల్లు నూరు దాటింది. మళ్ళీ మొదలు. ఈసారి ఒక ట్రాక్టరు. తర్వాత ఒక స్కూటరు. పన్నెండైంది, ఒంటిగంటైంది. స్కానర్‌లో అయిదు దగ్గరే ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"అన్నయ్యా, ఆపు" అంది.

"ఆపితే ఎలా? టైమెంతయిందో తెలుసా?"

"ఆపి దిగు. నీ కాలికి కూడా కోపమే. ఇది నీ వల్ల కాదు."

నా వల్ల కాదన్న మాట నాతో ఎవరూ అనలేదు అప్పటిదాకా. బండి రోడ్డు పక్కన ఆపి, ఏదో అనబోయాను. మా చెల్లెలు అప్పటికే తలుపు తీసి కర్రలు అందుకుంటోంది. దిగాను.

ఆమె లివర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుంది. గోరంత మరలు తిప్పే వేళ్ళు అవి. ముల్లు ఎనభై దగ్గరకు వచ్చి అక్కడే అతుక్కుపోయింది. ముందు బస్సు కనబడితే, బస్సు దగ్గరకు రాకముందే ఎంత దూరంలో పక్క వరుసలోకి మారాలో చూసుకుని మెల్లగా మారింది. వెనకవాడు హారన్ కొట్టినా పట్టించుకోలేదు. నేను స్కానర్ పట్టుకుని నోటికి తాళం వేసుకున్నాను. నవ్వకండి, నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

"గడియారం చూశావా?" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

స్టీరింగు వెనక మీటర్ల అద్దంలో చిన్న గడియారం ఏడు పది చూపిస్తోంది. నా చేతి గడియారంలో రెండు పది.

"పొద్దున ఎక్కగానే చూశాను. రేడియోలో నేను పెట్టుకున్న స్టేషన్లు కూడా పోయాయి. బ్యాటరీ తీస్తే అంతే కదా, నువ్వే చెప్పావు ఒకప్పుడు."

నా చెవులు వేడెక్కాయి. "మరి అక్కడ చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

తిట్టినా బాగుండేది. తిట్లు నాకు అలవాటే, తిరిగి అనేవాణ్ణి. ఆమె వేగం వదిలింది. డెబ్భై, అరవై, నలభై, ముప్పై. రెండూ నలభైకి ఆరో గడి పచ్చబడింది. కన్వర్టర్‌ది మాత్రం మొండికేసింది. మూడైంది. మూడూ పది. ఈ బండి పోతే ఆమె రేపటి నుంచి ఏ ఇంటి గేటు దగ్గర నిలబడి ఎవరి కోసం చూడాలో నాకు తెలుసు. ఆ చూసేది నా కోసమే.

మూడూ ఇరవైకి ఏడో గడి పచ్చబడింది.

"అయింది" అన్నాను.

మూడూ నలభై ఎనిమిదికి కేంద్రం గేటు లోపలికి వచ్చాం. ఆ అమ్మాయి వైరు గుచ్చింది, తెర చూసింది, తల ఊపింది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక కాగితం నా ముందు పెట్టింది.

"బండి మార్చింది మీరే కాబట్టి సంతకం మీదే. ఒక్క గడి ఖాళీగా ఉంది చూడండి. నిన్న జ్ఞాపకం ఎందుకు పోయిందో రాయాలి. పొద్దున బ్యాటరీ తీయలేదన్నారు కదా?"

"తీయలేదని రాస్తే?"

"అయితే కంప్యూటర్ దానంతటదే మరిచిపోతోందని లెక్క. వారం రోజులు ఇక్కడే ఉంచి చూడాలి."

వారం. గడువు పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. పొద్దుటి మెకానిక్‌లు ఇద్దరూ తమ పని ముగించుకుని కౌంటర్ పక్కనే నిలబడి వింటున్నారు. ఒకడు తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. మా చెల్లెలు కారులోనే ఉంది, కిటికీ దించి ఉంది. ఇటు చూడడం లేదు.

పెన్ను తీసుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఎన్ని కాగితాల మీద ఎంతమంది తప్పులు రాశానో లెక్కలేదు. నాది ఒక్కటి రాయడానికి వేళ్ళు వంగలేదు. చివరికి రాశాను. నిన్న సాయంత్రం బ్యాటరీ నేనే తీశాను. బండిలో లోపం లేదు. భయం వల్ల తీశాను. పొద్దున అబద్ధం చెప్పాను.

ఆ అమ్మాయి చదివి మొదటిసారి తల ఎత్తి చూసింది. "భయం దేనికండీ? బండి బాగా చేశారు కదా."

"పరీక్ష పోతే మా చెల్లెలు మళ్ళీ నా కోసం వీధిలో నిలబడాలమ్మా. పంతొమ్మిదేళ్ళు నిలబెట్టాను. అది కూడా రాయమంటారా?"

"గడిలో అంత పట్టదండీ" అంది. "ఉన్నది చాలు." ముద్ర వేసింది. వెళ్ళి తలుపు లోపలి అంచుకి అనుమతి చీటీ అంటించింది. మూడూ యాభై ఆరు. ఇద్దరు మెకానిక్‌లూ ఏమీ అనలేదు. అంటే పడేవాణ్ణే.

ప్రహరీ పక్కన కుళాయి ఉంది. మొహం కడుక్కుంటానని వెళ్ళాను. కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాను. కళ్ళు ఎంతకీ ఆరలేదు. ఈ వయసులో నలుగురిలో ఇదేం ఖర్మ అనుకుని ఇంకోసారి నీళ్ళు కొట్టుకున్నాను.

గేటు దగ్గర హారన్ మోగింది. ఆగకుండా, పొడుగ్గా. నా పద్ధతి అది. తల తిప్పి చూస్తే మా చెల్లెలు కిటికీలోంచి మొహం బయట పెట్టి ఉంది.

"ఎంతసేపు అన్నయ్యా? నాకు పనుంది."

తడి మొహం చొక్కాకి తుడుచుకుంటూ ఆదరాబాదరా కారు దగ్గరకు పరుగెత్తాను.