చప్పుడును మింగే గోడ

నేను ఒక గోడను. వేపచెక్క, కొబ్బరిపీచు, గొర్రె ఉన్ని కలిపి నన్ను చేశారు. విశాఖ దగ్గర ఒక పాత సమావేశ మందిరంలో, వేదికకు ఎదురుగా నిలబడి చప్పుడును మింగడం నా పని.

నన్ను గీసింది హైమవతి అనే శిల్పి. ఆమె తమ్ముడు పైడిరాజు పనిచేసే ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఆరుగురు పోయారు. అతను బతికాడు గానీ, గిన్నె జారిపడినా మంచం కిందికి దూరేవాడు. వాల్వు చెడిందని పైవాళ్లకు ముందే చెప్పింది అతనే. ఆ సంగతి విచారణలో అతనే చెప్పాలి. విచారణ జరిగే ఈ మందిరంలోనేమో కుర్చీ జరిపినా ఉరిమినట్టుండేది. మొదటి వాయిదాకు గుమ్మందాకా వచ్చి పారిపోయాడు.

"పేలినాక కాసేపు ఏటీ వినిపించనేదక్కా. అప్పుడొక్కటే నాకు బయమెయ్యనేదు," అన్నాడట అక్కతో.

ఆ నిశ్శబ్దాన్ని పట్టుకుని, అల వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే మడతల్లా నన్ను మలిచింది. మందిరానికి అలంకారమని ఒప్పుకున్న అధికారులు నన్ను చూసి బాగుందన్నారు. ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు.

బిగించిన నాటినుంచీ నాకు ఒకటే దడ. అతని మాటను కూడా మింగేస్తే?

రెండో వాయిదాకు పైడిరాజు వేదిక ఎక్కాడు. చొక్కా తడిసిపోయింది. అంతలో ఫ్యాక్టరీ వకీలు లావుపాటి ఫైలును బల్ల మీద దబ్బున పడేశాడు. నేను మింగగలిగినంతా మింగాను. పైడిరాజు చటుక్కున బల్ల కిందికి వంగిపోయాడు. ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తూ అలాగే ఉన్నాడు. అది రాలేదు. మెల్లగా లేచి ఏదో గొణిగాడు.

"వినబడలేదు, గట్టిగా చెప్పండి," అన్నారు విచారణాధికారి.

నాలో ఉన్ని బిగుసుకుపోయింది.

"వాల్వు పాడైపోనాదని మూడ్రోజుల ముందే చెప్పినాను బాబూ. పని ఆపొద్దన్నారు."

ఈసారి అందరికీ వినబడింది. తర్వాత పోయిన ఆరుగురి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పాడు. తప్పు యాజమాన్యానిదేనని తేలడానికి ఏడాది పట్టింది.

ఆ రోజు మాత్రం అతను వేదిక దిగి వచ్చి నాకు వీపు ఆన్చి కూర్చున్నాడు. అతని గుండె నా చెక్కల్లో అదురుతోంది. విచారణకు వచ్చినవాళ్లు ఇంకా మందిరంలోనే గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. హైమ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంటికెల్దామేట్రా?"

"కాసేపుండక్కా. ఆల్లందరూ మాటాడుకుంతన్నారు. విననీ."