ఆగిన రాగి

అయినా రాగి ఎందుకు ఆగిపోయింది, పొద్దున్న బాగానే వచ్చిందిగా, ల్యాప్‌టాప్ గేమ్‌లో గని యంత్రం తిరుగుతూనే ఉంది, బెల్టు మీద రాగి బిళ్లలు మాత్రం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడిపోయాయి, అయ్యో, లైన్ ఆగితే ఎలా అని లేవబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి మళ్లీ దిండుకు ఆనుకున్నాను, బెడ్ రెస్ట్, రేణూ, స్టే రిలాక్స్‌డ్ అంటుందావిడ, అదేదో మందుల షాపులో దొరికే మాత్రలాగా, నాకిది మూడో కడుపు, ఇదీ నిలవకపోతే అన్న మాట మనసులో కూడా సగంలోనే ఆపేస్తాను, రిలాక్స్ అవ్వాలంటేనే నాకు భయమని ఆవిడకేం తెలుసు, మొదటి రెండుసార్లూ హాయిగానే ఉన్నానుగా, నవ్వుతూ తుళ్లుతూ ఈ అల్ఫారెట్టా ఊరంతా కార్‌లో తిరిగానుగా, రెండూ పోయాయి, అందుకే ఈసారి ఆదమరవకూడదని నిద్రలో కూడా పొట్ట మీంచి చెయ్యి తీయను, ఇందాకట్నుంచీ లోపల కదలికే లేదు.

ఈ గేమ్ అనూప్ పెట్టి ఆఫీస్‌కి వెళ్లాడు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్లానింగ్ చేసే పెళ్లానికి మళ్లీ ఫ్యాక్టరీ గేమేంటి బాబూ అంటే, ఇందులో ఎవరూ ఫోన్ చేసి అరవరు కదా, ఫ్యాక్టరీ మీద దాడి చేసే గేమ్ పురుగుల్ని కూడా ఆఫ్ చేశా, ఊరికే ఆడుకో అన్నాడు, ఊరికేనట, మా దగ్గర లైన్ కాసేపు ఆగితే పిండి గట్టిపడి అంతా చెత్తలోకే, నా ప్రాణం మీదికొచ్చేది, ఆ బెల్టు పీకేసి మళ్లీ వేద్దామని మౌస్ పట్టుకున్నాను, పురిటికని నెల్లూరు నుంచి అమెరికా వచ్చిన అమ్మ పక్కన కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అవెటు పోతున్నాయే అంది, తీగలు చేసే మెషిన్‌కమ్మా, మరి ఆగిపోయినాయే, అవును, ఎక్కడో ఇరుక్కుంది, ఆగితే ఆగినాయిలే, ఏం కొంప మునిగింది, కాసేపు చూడరాదూ, అన్నిట్లో నీ చెయ్యి పడాల్సిందేనా తల్లీ.

సరేలెమ్మని మౌస్ వదిలేశాను, చూస్తుండగానే అవతల తీగల పెట్టె ఖాళీ అయింది కాబోలు, బిళ్లలు ఒక్క కుదుపుతో కదిలాయి, అమ్మో, నేనేం చేయలేదే, చెడిపోయి కాదు, అక్కడ నిండి ఆగింది, అంతే, బొమ్మను దూరం జరిపి చూస్తే ఎంతుందో, చెట్ల మధ్య వంకర్లు తిరిగే బెల్టులు, కొలుములు, పొగ, ఇదంతా నేనే కట్టానా, ఎవరూ అదిలించకుండానే దేని పని అది చేసుకుపోతోంది, ఒళ్లు జలదరించింది, రెప్ప వేయబుద్ధి కాలేదు, అమ్మ ఎప్పుడు వంటింట్లోకి వెళ్లిందో, పోపు వాసన వచ్చింది, అప్పుడు తన్నింది, పక్కటెముక కింద, గట్టిగా, మొండిగా, నా రెండు చేతులూ దుప్పటి మీదున్నాయి, పొట్ట మీద లేవు, ఇంతసేపూ నేను కాపలా కాయనేలేదు, భయపడటమే మరిచిపోయాను, అయినా ఉంది, నేను చూడకపోయినా లోపల గోళ్లూ కనురెప్పలూ తన పాటికి తాను చేసుకుంటూనే ఉంది, అమ్మా అని పిలవబోతే ఏడుపొచ్చింది, ఇది నిలిచింది నేను భయపడినందుకు కాదు, ఆ రెండూ పోయింది నేను నవ్వినందుకూ కాదు.