మెనూ తెరిస్తే ఆగే మావయ్య

బెలేం ఊళ్ళో మధ్యాహ్నం వానకి ముందు చేసే పనులు వేరు, వాన వెలిశాక చేసే పనులు వేరు. దండెం మీది బట్టలు తియ్యడం, చేపలు కడగడం వానకి ముందు. కాఫీలు, పెళ్ళి మాటలు, పక్కింటివాళ్ళ మీద చాడీలు వాన తర్వాత. లూసిలేయా ఇంట్లో మాత్రం వానకి ముందు ఇంకో పని కూడా ఉండేది. ముందుగదిలోని కంప్యూటర్‌కి కారు బ్యాటరీ తగిలించాలి. ఎందుకంటే వానొస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే లూసిలేయా అన్నయ్య ఒరివాల్దో పోతాడు.

నిజానికి ఆయన అంతకుముందే ఒకసారి పోయాడు. రేవు దగ్గర సంతలో ఆయనకి వీడియోగేమ్ మిషన్లు బాగుచేసే కొట్టుండేది. ఒకరోజు బాగుచేసిన మిషన్‌లో నదిమీద పడవ నడిపే ఆటొకటి పెట్టి చూస్తుంటే, కుర్చీలోనే గుండె ఆగిపోయింది. తెరమీది పడవ మాత్రం ఆగలేదు. టకటకమంటూ పోతూనే ఉంది. అది నడుస్తోంది కదా, నేనెందుకు ఆగాలి అనుకున్నట్టు ఒరివాల్దో మావయ్య కూడా మెల్లగా ఊపిరి తీసుకున్నాడు. డాక్టర్ వచ్చి ఛాతీమీద చెవి పెట్టి, కాసేపు పడవని చూసి, మందుల చీటీ మీద ‘స్విచ్ కట్టెయ్యవద్దు’ అని రాసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ మిషన్ ముసలిదైపోతే, లూసిలేయా కూతురు తైనారా ఎమ్యులేటర్ రాసింది. అంటే కంప్యూటర్‌ని ఆ పాత మిషన్‌లా నటించమనే ప్రోగ్రాం. మావయ్య అందులోకి మారిన సంగతి ఆయనకే తెలీలేదు. "రంగులు కొంచెం ఎక్కువయ్యాయేంటే?" అన్నాడంతే.

ఇప్పుడు ఆ కంప్యూటర్ వంతొచ్చింది. దాని ఫ్యాను పిల్లిని తొక్కినట్టు అరుస్తోంది. మావయ్య కొడుకు ఎడ్మిల్సన్ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది గానీ అది వేరే జాతిది. చర్చి ఆఫీసులో ఉన్నది మూడో జాతి. ఎమ్యులేటర్ లోపలి పని మూడింటిలోనూ ఒక్కటే అయినా, పైన కనిపించే విండోలూ మెనూలూ బటన్లూ ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో తెరుచుకోవు. ఏ ఇంట్లో కరెంటుంటే ఆ ఇంట్లో మావయ్య నడవాలి. అందుకని తైనారా ఆ విండోలూ బటన్లూ గీసిపెట్టే టూల్‌కిట్ ఒకటి సొంతంగా రాయడం మొదలుపెట్టింది.

"బటన్ అని నేను ఒక్కసారే రాస్తాను బావా. ఏ కంప్యూటర్లో తెరిస్తే ఆ కంప్యూటర్ బటన్‌లాగే కనిపిస్తుంది."

"మా అత్త ఏ వీధికెళ్తే ఆ వీధి యాస మాట్లాడినట్టు," అన్నాడు ఎడ్మిల్సన్.

"నా యాసకేం రోగంరా?" అంది లూసిలేయా వంటింట్లోంచి.

మొదటిసారి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసిన రోజు అందరూ నవ్వుకున్నారు. మావయ్య గిన్నెడు అసాయి పండ్ల గుజ్జు ముందేసుకుని కొట్టు రోజుల కబురేదో చెప్తున్నాడు. ఎడ్మిల్సన్ ఊరికే మెనూ తెరిచాడు. ఆ జాతి కంప్యూటర్లకి ఒక పాడలవాటుంది. మెనూ తెరిచి ఉన్నంతసేపూ ప్రోగ్రాంలో మిగతావన్నీ చేతులు కట్టుకు నిలబడతాయి. పడవ ఆగింది. మావయ్యా ఆగాడు, నోరు తెరిచినవాడు తెరిచినట్టే. చెంచాలోంచి ఊదారంగు అసాయి చుక్కలుగా చొక్కామీద పడుతోంది. మెనూ ముయ్యగానే "అని మొహంమీదే చెప్పా వాడితో!" అని మాట పూర్తి చేశాడు.

"ఇన్నాళ్ళకి మా నాన్న నోరు మూయించే బటన్ దొరికింది," అన్నాడు ఎడ్మిల్సన్.

ఆ నవ్వు భోజనాల దాకా నిలవలేదు. వేయించిన చేప నోట్లో పెట్టుకుని మావయ్య, "ఉప్పు వెయ్యలేదా లూసీ?" అన్నాడు. ఉప్పు ఉంది. నిజం చెప్పాలంటే ఎక్కువే ఉంది.

తర్వాత విండోని పక్కకి జరపబోతే మళ్ళీ ఆగాడు. లేచాక ఆయనకి వాన వాసన తెలియలేదు. ఆగిన ప్రతిసారీ ఆయనలోంచి ఏదో ఒకటి రాలిపోతోందని తైనారాకి అప్పుడర్థమైంది. వెంటనే ఆయన్ని పాత కంప్యూటర్‌లోకి తిరిగి చేర్చింది. లూసిలేయా అయితే తేలుమీద బుట్ట బోర్లించినట్టు మౌస్‌మీద గిన్నె బోర్లించింది. వీధిలో మామిడికాయ రాలి రేకులమీద ధన్‌మంటే అందరూ ముందు మావయ్య వంక చూసేవాళ్ళు, తర్వాతే కప్పు వంక.

మావయ్యకి ఇవేం పట్టేవి కావు. "ఏంటే, నేనేమన్నా టీవీనా, అందరూ అలా చూస్తారు?" అనేవాడు.

మెనూ సంగతి తేలకుండానే ఒకరోజు, వానకి ముందు, కంప్యూటర్‌లోంచి కాలిన వాసనొచ్చింది.

"ఇప్పుడే మార్చెయ్యాలి," అన్నాడు ఎడ్మిల్సన్.

"ఇంకా సరిచెయ్యలేదు బావా."

"అది తగలబడ్డాక సరిచేస్తావా?"

తైనారా ఆటని ఉన్నచోట ఉన్నట్టుగా భద్రపరిచింది. మావయ్య కుర్చీలో కళ్ళు తెరిచే ఆగిపోయాడు. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి తెరిచింది. నల్లటి తెర. పడవ లేదు. మళ్ళీ నొక్కింది. లేదు. లూసిలేయా అన్నయ్య మణికట్టు పట్టుకుని కూర్చుంది. "చల్లబడుతున్నాడే," అంది, గొంతు పెంచకుండా.

తైనారా వేళ్ళకి అక్షరాలు అందడం లేదు. ఎడ్మిల్సన్ ఆమె చేతిలోంచి మౌస్ లాక్కుని విండోని పక్కకి ఈడ్చాడు. దాని వెనకాల ఒక బుల్లి పెట్టె నక్కి ఉంది. ‘పాతదాని స్థానంలో ఇది పెట్టమంటారా? అవును. కాదు.’ పోయినసారి ఎక్కించిన ఆట ఇంకా అందులోనే ఉంది మరి. ఆ పెట్టె తైనారా రాసిందే. మర్యాదగా అడిగి, జవాబొచ్చేదాకా ప్రోగ్రాం మొత్తాన్నీ ఆపి కూర్చోమని దానికి నేర్పింది తనే. ముందుకొచ్చి అడగమని నేర్పడం మాత్రం మర్చిపోయింది.

అవును నొక్కాడు. పడవ టకటకమంది. మావయ్య గుండెల్నిండా గాలి పీల్చుకుని, తన చెయ్యి పట్టుకున్న చెల్లెలి వంక చూశాడు.

"ఎవరండీ మీరు?"

"నేను లూసీని అన్నయ్యా."

"అలాగా అండీ," అన్నాడు మావయ్య, చెయ్యి మెల్లగా విడిపించుకుంటూ.

లూసిలేయా చేపలు వేయించడానికి వెళ్ళింది. తైనారా అక్కడే నేలమీద, కూలబడ్డ కంప్యూటర్ పక్కన, మావయ్య కొట్టునుంచి ఎడ్మిల్సన్ తెచ్చిన ఇంకో డొక్కు కంప్యూటర్ ముందేసుకుని, ప్రోగ్రాం తిరగరాయడానికి కూర్చుంది. ఇక ప్రోగ్రాంకి రెండు దారులుండాలి. ఒక దారిలో పడవొక్కటే పోతుంది, ఎవరికోసమూ ఆగదు; అలా ఆగకుండా పోతే మావయ్యలోంచి రాలినవి తిరిగొస్తాయేమో. మెనూలూ పెట్టెలూ వాటి వేషాలూ రెండో దారిలో.

"అలా అయినా ఎవరో ఒకరు ఆగాలిగా," అన్నాడు ఎడ్మిల్సన్. "ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండాలి. అది తప్పేది కాదు."

"మావయ్య వైపు ఆగకపోతే చాలు."

ఏ దారి ఎక్కడ ఇరుక్కుందో తెలియడానికి ఈ పనిచేసేవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుంటారు. పడవ దారికి ‘మావయ్య’ అని పెట్టింది తైనారా.

"రెండోదానికి నా పేరు పెట్టకే తల్లీ, నాకు బోలెడు పనులున్నాయి," అన్నాడు ఎడ్మిల్సన్.

"నీకు పనులా? సరేలే, ఇంట్లో ఖాళీగా పడుండేది నేనేగా," అంటూ ‘తైనారా’ అని టైపు కొట్టింది.

నడుస్తున్నదాన్ని ఆపకుండా ఎక్కించడం కుదరదు. ఇంకొక్కసారి, కంటిరెప్పపాటు, మావయ్య ఆగక తప్పలేదు.  ఈసారి పడవ వెంటనే కదిలింది. అప్పుడే వాన మొదలైంది, కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ తన బ్యాటరీమీద వెలుగుతోంది.

"తెరువు," అంది తైనారా.

"నువ్వే తెరువు."

"నా చెయ్యి రావట్లేదు బావా."

ఎడ్మిల్సన్ మెనూ తెరిచాడు. పడవ పోతూనే ఉంది. మెనూ అలా తెరిచే ఉంచాడు. మావయ్య కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్ళి, ముక్కు ఎగబీల్చాడు.

"ఆహా, వాన వాసన." ఆయన వంటింటి వైపు తిరిగాడు. "లూసీ! చేపలు మాడుతున్నాయే, ఏ లోకంలో ఉన్నావ్?"

లూసిలేయా చేతిలో గరిట జారిపడింది. ఎడ్మిల్సన్ గట్టిగా నవ్వి, "చూశావా మరదలా!" అంటూ పక్కకి తిరిగాడు.

తైనారా మొహంమీద పడ్డ జుట్టు తోసుకోబోతూ, చెయ్యి గాల్లోనే ఉంచి కూర్చుని ఉంది. పెదాలు సగం విడి ఉన్నాయి. రెప్ప కొట్టడం లేదు. కప్పులోంచి కారిన వాన చుక్క బుగ్గమీద పడి చుబుకం దాకా జారినా తుడుచుకోలేదు.

ఎడ్మిల్సన్ చటుక్కున మెనూ మూసేశాడు.

"చేస్తానన్నానా, చేశానా లేదా?" అంది తైనారా, జుట్టు వెనక్కి తోసుకుంటూ. అతని మొహం చూసింది. తెరమీద తను పెట్టిన పేరు చూసింది. చెంపమీది తడి వేలితో తాకి చూసుకుంది.

"పేరు మార్చేద్దాం," అన్నాడతను గొంతు తగ్గించి. "ఎవరిదీ కాని పేరు పెడదాం."

"మార్చాలంటే మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి బావా."

ఇద్దరూ వంటింటి వైపు చూశారు. అక్కడ మావయ్య చెల్లెలి చేతిలోంచి గరిట లాక్కుని, కూనిరాగం తీస్తూ చేపలు తిరగేస్తున్నాడు. ఆమె తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ ఆయన్ని తిడుతోంది. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

వాన వెలిశాక అందరూ బల్లచుట్టూ చేరారు. ల్యాప్‌టాప్ బల్ల చివర టకటకమంటోంది. తైనారా చేపముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. కాసేపు నమిలింది.

"ఉప్పు వెయ్యలేదా అమ్మా?"

లూసిలేయా ఉప్పు గిన్నె కూతురి ముందుకి జరిపింది.

"సరిపోయిందే, బానే ఉంది," అనబోయిన మావయ్య మధ్యలోనే ఆగాడు, ఈసారి ఎవరూ మెనూ తెరవకుండానే. మేనకోడలి వంక చూశాడు. ల్యాప్‌టాప్ వంక చూశాడు. తర్వాత కుడి అరచెయ్యి మౌస్‌మీద పెట్టి, గట్టిగా కప్పి, ఫోర్కు ఎడమచేతిలోకి మార్చుకుని తినడం మొదలుపెట్టాడు.