కెమెరా ముందు బొట్టు

బోధన్ బస్టాండు ఎదుట లక్ష్మీరాజం నెట్ సెంటర్‌లో ఆ శుక్రవారం పొద్దున సుమిత్ర కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమె కంటే ముందు ఇంకా ఇద్దరున్నారు. మూలన బెంచీ మీద అత్త భీమవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. గల్ఫ్‌లో సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు ఈ గదిలో నిలబడ్డానికి చోటుండదు.

ఇదే గది నాలుగేళ్ళ కిందట ఎంత బుద్ధిగా ఉండేదో! రెండువేల సంవత్సరంలో లక్ష్మీరాజం ఎస్టీడీ బూత్ తీసేసి ఒక్క కంప్యూటర్ పెట్టాడు. అందులో ఇంటర్ ఫలితాలు చూపించాడు. అందుకే దానికి ఇంటర్నెట్ అని పేరొచ్చిందని సగం బోధన్ నమ్మింది. తర్వాత గల్ఫ్ వాళ్ళ భార్యలొచ్చారు. వాళ్ళు చెబుతుంటే అతను తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాడు. పక్కన నలుగురు వింటుంటే మొగుడికి ఏం చెప్పుకుంటారు పాపం, బాగున్నాం, బాగున్నావా అని తప్ప! ఆపైన హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మాట్లాడుకునే రోజులొచ్చాయి. మొన్నీమధ్యే కోడిగుడ్డంత కెమెరా ఒకటి వచ్చింది.

ఆ కెమెరాయే ఇప్పుడు సుమిత్ర కొంప ముంచేలా ఉంది.

మామ భూమన్న చెరుకుకు నీళ్ళు కడుతూ మడిలోనే కూలిపోయి నెల దాటింది. అస్థికలు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిపి వచ్చారు. దుబాయ్‌లో ఉన్న కొడుకు రాజారాంకు మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని పట్టుబట్టింది అతని భార్య సుమిత్రే. పోయినేడు పక్కూరివాడొకడు తల్లి పోయిందని విని, కంపెనీ సెలవివ్వకపోతే పారిపోయి జైలుపాలయ్యాడు. రాజారాం అంతకంటే తొందరమనిషి. కంపెనీ గడువు తీరి ఇంటికొచ్చాక చెప్పవచ్చులే అనుకుంది. రాతలో అబద్ధం సులువుగానే సాగింది. మాట్లాడేటప్పుడు గొంతు సవరించుకుంటే సరిపోయింది. పోయిన వారం అతను ఉన్నట్టుండి, "అవ్వను తోల్కరా, కెమెరాల సూస్త" అన్నాడు.

భీమవ్వ నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. చూసిన మరుక్షణం అతనికి తెలిసిపోతుంది. వారమంతా సుమిత్రకు తిన్న తిండి ఒంటబట్టలేదు.

వంతు వచ్చింది. కంప్యూటర్ ఉన్న ప్లైవుడ్ గదిలోకి వెళ్ళగానే సుమిత్ర తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి బొట్టుబిళ్ళ, గాజులు తీసింది.

"వద్దే పిల్లా," అంటూ భీమవ్వ వెనక్కి జరిగింది. "పదో దినం నలుగురి ముంగట తీసిన బొట్టు గది. ఎవలన్న సూస్తే ఊకుంటరా?"

"జరసేపే అత్తమ్మా. నీ కొడుకు ఆగమైతడు. ఆడ జైల్ల వడితే మనమేం జేస్తం?"

కొడుకు పేరెత్తేసరికి ముసలమ్మ మెత్తబడింది. కళ్ళు మూసుకుని నుదురు ముందుకు పెట్టింది. బిళ్ళ అంటించి గాజులు ఎక్కిస్తుంటే సుమిత్రకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆగలేదు.

తెర మీద రాజారాం ముక్కలు ముక్కలుగా వచ్చి కుదురుకున్నాడు. నెత్తిన టోపీ ఉంది. తల్లి కనబడగానే ముందుకు వంగాడు. సుమిత్ర స్పీకర్ల వైర్లు కదిపింది, మైకును తట్టింది.

"ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది." అతని చూపు తల్లి నుదుటి మీదే ఉంది. "అవ్వా, బాపు ఏడి?"

భీమవ్వ ఒకసారి కోడలి వైపు చూసింది. "చెరుకుకు నీళ్ళు గట్టవోయిండు బిడ్డా," అంది.

అందులో అబద్ధం లేదు. తిరిగి రాలేదన్న సంగతే చెప్పలేదు. రాజారాం మెల్లగా తలూపాడు. గట్టెక్కామని సుమిత్ర ఊపిరి పీల్చుకునేలోపు అతను టోపీ తీశాడు.

గుండు! వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

"ఎవలు జెప్పిండ్రు?" అంది సుమిత్ర.

"మా క్యాంపుల కమ్మర్‌పల్లి ఆయన ఉన్నడు. బాపు వోయిన తెల్లారే ఆయనకు ఇంటికెల్లి ఫోనొచ్చింది. నువ్వు జెప్తవని శుక్రారం శుక్రారం సూసిన."

"నువ్వు ఉరికొస్తవని..."

"యాడికెల్లి ఉరికొస్త? పాస్‌పోర్ట్ కంపెనోల్ల తాననే ఉండె." అతని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు. "అవ్వకు గా బొట్టెందుకు వెట్టినవ్ సుమిత్రా?"

ఆమె మొగుణ్ణి కాపాడుతున్నాననుకుంది. తండ్రి పోయి ఏడుస్తున్న మనిషిని పరాయి దేశంలో ఒంటరిగా వదిలేసి, ప్రతి వారం బాపు బాగున్నాడని చెబుతూ వచ్చింది. సిగ్గుతో, దుఃఖంతో ఆమె గుండె చెరువైంది.

భీమవ్వకు ఈ మాటలేవీ చెవికెక్కలేదు. తెరకు బాగా దగ్గరగా జరిగి కొడుకు తలనే చూస్తోంది.

"గుండు ఎవలు గొట్టిండ్రు బిడ్డా?"

"ఈడ సెలూన్ల గొట్టిచ్చుకున్న అవ్వా."

"గుండైనంక తానం జేస్తివా? నెత్తి మీద నీళ్ళెవలు వోసిండ్రు?"

బయటినుంచి ఎవరో తలుపు తట్టారు. సుమిత్ర లేవలేదు.

"ఈడెవలున్నరవ్వా," అన్నాడు రాజారాం. "నేనే వోసుకున్న."