పైకొమ్మ కాయ

బుర్రకాయ డొల్లను ఎండబెట్టి తాగే చిప్పలు చేస్తారు. చెట్టుమీద అది ముదిరినా పచ్చరంగులోనే ఉంటుంది. చూసి పోల్చలేం, వేలి కణుపుతో కొట్టి వినాలి: లేతదైతే దబ్‌మంటుంది, ముదిరితే ఖంగుమంటుంది. రబినాల్ ఊళ్లో పుట్టిన పిల్లలకు నడకతో పాటే ఆ విద్య వస్తుంది. కొండమీది ఊరి నుంచి కోడలిగా వచ్చిన ఒతీలియాకు ఆరేళ్లయినా రాలేదు.

ఆ సంగతి అత్త మార్సెలీనాకు బాగా తెలుసు. కొడుకు పోయి రెండేళ్లు. ఇప్పుడు కోడలు మారుమనువు చేసుకుని, నాలుగేళ్ల కూతురు చెపాను తనతో తీసుకెళ్తానంటోంది. అది విన్నప్పటి నుంచి ముసలామెకు ముద్ద దిగడం లేదు.

"తీసుకుపో, ఎవరొద్దన్నారు?" అంది చివరికి. "ఈ ఇంటి ఆడది గడప దాటితే తన చేత్తో చేసిన చిప్ప పొయ్యి దగ్గర వదిలి వెళ్లాలి. మా అత్త పెట్టిన నియమం. చిప్ప నిలిస్తే పిల్ల నీది. వంకరపోతే నాది."

"ఓస్, ఇంతేనా అత్తా? నీ చిప్పలకు మసి పూసీ, మెరుపుకని పురుగుల మైనం రుద్దీ నా అరచేతుల్లో గీతలే పోయాయి. కాయ మాత్రం నువ్వే చూపించు."

"అదిగో, పెరటి చెట్టు పైకొమ్మ మీది పెద్దది."

తల్లి చంకలోంచి వంగి చెపా ఆ కాయను కొట్టింది. 'దబ్' మంది.

"అమ్మా, ఇది లేతది!"

"వేలెడంత లేవు, నాకే చెప్తావే?" అని కసిరింది మార్సెలీనా.

"అవ్వకంటే నీకెక్కువ తెలుసా?" అంటూ ఒతీలియా నవ్వి కాయ తెంపింది.

రెండుగా కోసింది. గుజ్జును మార్సెలీనా తన దగ్గు మందుకని తీసి పెట్టుకుంది. ఒతీలియా చిప్పను ఉడికించి, గీకి, ఎండబెట్టింది. ఐదో రోజుకు అది పళ్లూడిన నోరులా ముడుచుకుపోయింది.

"ఇంకొక్క కాయ, అత్తా! నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకో. మాట మాటే."

ఆదివారం సంత లారీ ఒతీలియాను ఒక్కదాన్నే ఎక్కించుకుపోయింది.

దుమ్ము అణిగాక చెపా చెట్టు కింది మొద్దెక్కి ఇంకో కాయ కొట్టింది. ఖంగుమంది.

"అవ్వా, ఇది ముదిరింది! అమ్మకు పంపుదామా?"

మార్సెలీనా వచ్చి తానూ కొట్టింది. కాయ మళ్లీ ఖంగుమంది.

"లేతది," అంది.

చెపా చెవి ఆనించి మరోసారి కొట్టింది. "లేతదా?"

"లేతదే."

ఆ తర్వాత చెపా ఏ కాయ కొట్టినా, అవ్వ మొహం చూసేది.