నల్లదారం గంట

ఆరో గొర్రె చెవి మడిచి, రక్తం తాగి ఉబ్బిన పిడుదును నాగవేణమ్మ గోళ్ళతో పెకలించింది. పక్కన కొబ్బరిచిప్పలో కిరసనాయిలు. అందులో పడ్డ పురుగు కాసేపు కాళ్ళాడించి ఆగింది. ఇంకా ఇరవై గొర్రెలున్నాయి. మెడ నరాలు అప్పుడే లాగుతున్నాయి.

పన్నెండేళ్ళ కిందట ఈ పని కూతురు తనూజది. చిన్న వేళ్ళయితే చెవి మడతల్లోకి దూరతాయని పిక్కిలి ఊరి చుట్టుపక్కల మందలున్న వాళ్ళంతా పిల్లలచేతనే ఏరించేవాళ్ళు. ఒకనాడు ఆరేళ్ళ తనూజ మెడ వెనకే ఒకటి కనిపించింది. నాగవేణమ్మ నవ్వి, పీకి పారేసింది. తర్వాతి వారం జ్వరం వచ్చి, మెదడుకెక్కింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో పిల్ల కళ్ళు తెరవలేదు. బతికైతే బతికింది. చదివింది తలలో నిలవదు. కుడిచెయ్యి వణుకుతుంది, జడకు రిబ్బను కూడా ముడివేసుకోలేదు. అప్పుడప్పుడూ మూర్ఛ.

మూర్ఛకు ముందు ఎడమచెయ్యి ఎగిరెగిరి కొట్టుకుంటుంది. అందుకే నాగవేణమ్మ ఒక గొర్రెపిల్ల గంటను నల్లదారంతో ఆ మణికట్టుకు కట్టింది. అది గలగలమంటే ఎక్కడున్నా పరుగెత్తేది. అప్పటినుంచి కంటినిండా నిద్రపోయింది లేదు.

"మ్మా, బస్సుకు టయమాయె. టీచరక్క వచ్చేసింది," అంది తనూజ.

ధర్మపురిలో ఇలాంటి పిల్లలు ఉండి పని నేర్చుకునే ఇల్లొకటుంది. తనూజను అక్కడ చేర్చడానికి కనిమొళి టీచరు వచ్చి వాకిట్లో నిలబడింది.

"గంట యాడే?"

తనూజ చున్నీ తొలగించి చెయ్యి ఆడించింది. "ఉండాదిలే. నేనేమన్నా గొర్రెనా?"

"గొర్రెయితే చెప్పినమాట ఇంటుంది. అది లేకుంటే నువ్వు పోయేది లే."

పందిరి కింద తండ్రి బీరప్ప నవ్వాడు. "పోనియ్‌మే. ఆడ చూసేవాళ్ళుండారు కదా."

"వాళ్ళకి దీని చెయ్యి సంగతి తెలుసునా?" అంది భార్య.

"కుంటి గొర్రెపిల్లకు చెప్పొస్తా," అంటూ తనూజ దొడ్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. కనిమొళి రెండుసార్లు గడియారం చూసుకుంది. తనూజ చేతులమీదికి చున్నీ కప్పుకుని వచ్చి, తల్లి భుజానికి తల ఆనించి, వెళ్ళిపోయింది. బస్సు పోయిన చప్పుడు విని నాగవేణమ్మ ఏడో గొర్రెను దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం మంద మేతనుంచి తిరిగొచ్చింది. దొడ్లో బీరప్ప గంప ఎత్తి, పొద్దున్నుంచీ దానికింద ఉన్న కుంటిపిల్లను వదిలాడు. తొట్టిలో నీళ్ళు పోస్తున్న నాగవేణమ్మకు గంట గలగలమని వినిపించింది. బిందె వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. తనూజ చాప చుట్టి గోడకు ఆనించి ఉంది.

మళ్ళీ మోగింది, వెనక దొడ్లోంచి.

కుంటిపిల్ల తల్లి పొదుగును పొడుస్తూ పాలు తాగుతోంది. నాగవేణమ్మ వచ్చి పక్కన కూర్చుని దాని మెడ తడిమింది. నల్లదారానికి మూడు ముళ్ళు, ఒకదానిమీద ఒకటి, వంకరగా. విప్పబోయి గోరు పెట్టింది. పిడుదులు పెకలించే గోటికి అవి లొంగలేదు. చెయ్యి తీసేసింది. గొర్రెపిల్ల మెడలో గంట మళ్ళీ మోగింది.